మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ యువ సైనికుడి జీవితాన్ని రికార్డుల ఆధారంగా రాయడం ఎలా?

బెల్జియంలోని మాన్స్ పట్టణానికి దగ్గరగా, సెయింట్ సింఫోరియన్ సైనిక శ్మశానవాటికలో జాన్ పార్ అనే సాధారణ సైనికుడి సమాధి ఉంది. మిడిల్‌సెక్స్ రెజిమెంట్ 4వ బెటాలియన్‌కు చెందిన అతను సైకిల్ మీద శత్రువుల జాడ తెలుసుకోవడానికి వెళ్లి, 1914 ఆగస్టు 21న, మాన్స్ యుద్ధానికి రెండు రోజుల ముందు మరణించాడు. ఆ మహాయుద్ధంలో పోరులో చనిపోయిన మొదటి బ్రిటిష్ సైనికుడిగా అతన్ని భావిస్తారు. సమాధి ఫలకం మీద వయసు 20 అని చెక్కి ఉంది. కానీ అతను లండన్ ఉత్తర శివారైన ఫించ్లీలో 1897లో పుట్టాడు కనుక చనిపోయేనాటికి అతనికి 17 ఏళ్లే. ఫలకం మీద ఉన్నది అతను సైన్యానికి చెప్పుకున్న వయసు లెక్క. యువ సైనికుడి జీవితం రాయబూనినవారు మొదట అలవరచుకోవలసిన పద్ధతి ఈ ఉదాహరణలోనే ఉంది: ఒక కాగితాన్ని ఎవరు, ఎందుకు, ఎవరి మాట మీద రాశారో విచారించకుండా అందులోని సంగతిని కథలోకి ఎక్కించకూడదు.

పేరు కంటే ముందు నంబరు

1914 నుంచి 1918 వరకు బ్రిటిష్ సైన్యంలో ఒకే పేరు గలవారు వందల సంఖ్యలో ఉండేవారు. అందువల్ల కేవలం పేరుతో వెతికితే వేరొకరి జీవితాన్ని రాసే ప్రమాదం ఉంది. వెతకవలసినవి మూడు: సర్వీసు నంబరు, రెజిమెంట్, ఆ రెజిమెంట్‌లోని దళమైన బెటాలియన్. ఇవి కుటుంబం దాచుకున్న పతకాల అంచు మీద కొంతవరకు దొరుకుతాయి. బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచుల చుట్టూ నంబరు, హోదా, పేరు, రెజిమెంట్ చెక్కి ఉంటాయి, బెటాలియన్ సంఖ్య మాత్రం సాధారణంగా ఉండదు. పతకాలు లేకపోతే లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ వారి మెడల్ ఇండెక్స్ కార్డులు చూడాలి. విదేశీ యుద్ధరంగానికి వెళ్లిన దాదాపు ప్రతి సైనికుడికీ అలాంటి కార్డు ఒకటి ఉంటుంది. బెటాలియన్ సంఖ్య కోసం ఆ కార్డు చూపించే మెడల్ రోల్, అంటే పతకాలు పొందినవారి జాబితా దాకా వెళ్లాలి.

ఆ చిన్న కార్డును ఓపికగా చదవాలి. 1914 ఆగస్టు 5 నుంచి నవంబరు 22 మధ్య ఫ్రాన్స్‌లో గానీ బెల్జియంలో గానీ సేవ చేసినవారికి 1914 స్టార్ అనే పతకం ఇచ్చారు. 1915 డిసెంబరు 31లోపు ఏదో ఒక యుద్ధరంగంలో అడుగుపెట్టిన మిగతావారికి 1914–15 స్టార్ ఇచ్చారు. ఈ రెండింటిలో ఏది వచ్చినా, సైనికుడు యుద్ధరంగం చేరిన తేదీ కార్డు మీద నమోదై ఉంటుంది. 1914–15 స్టార్ కార్డుల మీద యుద్ధరంగపు సంకేతం కూడా కనిపిస్తుంది: 1 అంటే ఫ్రాన్స్, 2బి అంటే గల్లిపోలి, 3 అంటే ఈజిప్టు. స్టార్ లేకుండా రెండు పతకాలే ఉంటే అతను 1916లో గానీ ఆ తర్వాత గానీ వెళ్లాడని అర్థం చేసుకోవచ్చు. కార్డు ఖాళీగా ఉన్న చోట కూడా ఒక సమాచారం ఉందని గుర్తించడం ఈ పనిలో చాలా ముఖ్యం.

నంబరు విషయంలో ఒక చిక్కు ఉంది. టెరిటోరియల్ ఫోర్స్ (పార్ట్‌టైమ్ స్వచ్ఛంద సైనికుల దళం) బెటాలియన్ల సైనికులందరికీ 1917 ఆరంభంలో పాత నంబర్లు తీసేసి ఆరంకెల కొత్త నంబర్లు ఇచ్చారు. ఒకే మనిషికి రెండు నంబర్లు కనబడితే ఇద్దరు మనుషులని తొందరపడకూడదు. గాయపడి కోలుకున్న తర్వాత వేరే రెజిమెంట్‌కు బదిలీ అయినవారికి మూడు నంబర్లు కూడా ఉండవచ్చు.

ఇల్లు, తల్లిదండ్రులు, పని

యుద్ధంలో పాల్గొన్న కుర్రవాళ్లలో ఎక్కువమంది 1890 తర్వాత పుట్టినవారే కాబట్టి, 1901 మార్చి 31 నాటి జనాభా లెక్కలూ 1911 ఏప్రిల్ 2 నాటి జనాభా లెక్కలూ వారి బాల్యానికి ప్రధాన ఆధారాలు. 1911 నాటివి మరీ విలువైనవి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంటి యజమాని స్వయంగా నింపిన పత్రాలు భద్రపరచడం ఆ ఏటి లెక్కలతోనే మొదలైంది. అంటే మీరు చూస్తున్నది చాలాసార్లు ఆ కుర్రవాడి తండ్రి చేతిరాతే. ఎన్నేళ్ల క్రితం పెళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, వారిలో ఎంతమంది బతికి ఉన్నారు, ఎంతమంది చనిపోయారు అన్న ప్రశ్నలు వివాహిత స్త్రీల గురించి అందులో అడిగారు. సైన్యంలోకి వెళ్లిన కొడుకు ఆ తల్లికి మిగిలిన ఎన్నో బిడ్డో ఆ అంకెల నుంచే తెలుస్తుంది. జాన్ పార్ తల్లిదండ్రులకు పుట్టిన పదకొండు మందిలో అతనే చిన్నవాడు. అతని తోబుట్టువులలో పలువురు పసితనంలోనే పోయారు. ఈ ఒక్క వివరం తెలిశాక ఫలకం మీది పేరును మునుపటిలా చదవలేము.

జనన నమోదు ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జూలై 1న మొదలైంది. స్కాట్లాండ్‌లో 1855లోనూ, ఐర్లండ్‌లో 1864లోనూ ప్రారంభమైంది, వాటి కార్యాలయాలు కూడా వేరు. సూచికలో దొరికిన పేరుతో సరిపెట్టుకోకుండా జనన ధ్రువపత్రం నకలు తెప్పించుకోవాలి. తేదీ, తల్లి పుట్టింటిపేరు, తండ్రి వృత్తి అందులోనే ఉంటాయి.

కుర్రవాడి వృత్తిని ఒక్క మాటతో దాటేయకండి. పార్ బడి మానేశాక కొంతకాలం మాంసం దుకాణంలో పనిచేసి, తర్వాత గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ల సంచులు మోసే క్యాడీగా ఉన్నాడు. ఆదాయం నిలకడగా లేని కుర్రవాడికి రోజుకు ఒక షిల్లింగు జీతం, బట్టలు, వేళకు తిండి, పడుకోవడానికి చోటు ఇచ్చే సైన్యం ఎలా కనిపించి ఉంటుందో చెప్పడానికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదు. షిల్లింగుకు 12 పెన్నీలు, పౌనుకు 20 షిల్లింగులు అన్న లెక్క పాఠకుడికి ఒకసారి చెబితే చాలు, తర్వాత వచ్చే మొత్తాలన్నీ అతనికే అర్థమవుతాయి.

వయసును తేల్చడం

నిబంధన ప్రకారం సైన్యంలో చేరడానికి 18 ఏళ్లు, విదేశాలకు వెళ్లి పోరాడటానికి 19 ఏళ్లు నిండాలి. 1918 వసంతంలో జర్మన్ల దాడి వల్ల సైనికుల కొరత ఏర్పడినప్పుడు విదేశానికి పంపే వయసును పద్దెనిమిదిన్నరకు తగ్గించారు. అయితే చేర్చుకునేటప్పుడు జనన ధ్రువపత్రం అడిగేవారు కాదు. కుర్రవాడి ఎత్తు, ఛాతీ కొలత సరిపోతే అతను చెప్పిన వయసునే రాసుకునేవారు. 1914 ఆగస్టు 7న యుద్ధ మంత్రి కిచెనర్ మొదటి లక్ష మంది కోసం పిలుపునిచ్చినప్పుడు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన జనంలో పదిహేను, పదహారేళ్లవారు చాలామంది ఉన్నారు. 1916 జనవరిలో నిర్బంధ సైనిక సేవా చట్టం వచ్చిన తర్వాత పరిస్థితి మారింది. అందువల్ల మీ సైనికుడు ఆ తేదీకి ముందు తనంతట తాను చేరాడా, తర్వాత పిలిపించుకొన్నారా అన్నది కథ స్వభావాన్నే మార్చేస్తుంది.

సమాధి ఫలకాలు వయసు విషయంలో ఎన్ని రకాలుగా ఉంటాయో మూడు ప్రసిద్ధ ఉదాహరణలు చెబుతాయి. పార్ ఫలకం మీద వయసు ఎక్కువగా ఉంది. ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్‌కు చెందిన, రాయల్ ఐరిష్ రెజిమెంట్‌లో పనిచేసి 1915 మే 24న మరణించిన జాన్ కాండన్ ఫలకం మీద 14 అని ఉంది. కానీ పరిశోధకులు చూపిన జనన నమోదును బట్టి అతనికి 18 ఏళ్లన్న వాదన బలంగా ఉంది. డోర్కింగ్‌లో 1900 ఫిబ్రవరి 14న పుట్టిన వాలెంటైన్ జో స్ట్రడ్‌విక్ 1916 జనవరి 14న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర మరణించాడు. ఎసెక్స్ ఫామ్ శ్మశానవాటికలోని అతని ఫలకం మీద ఉన్న 15 సరైన సంఖ్యే. రాతి మీద చెక్కారు కాబట్టి నిజమేనని నమ్మడం ఎంత పొరపాటో, రాయి తప్పే చెబుతుందని ముందే అనుకోవడమూ అంతే పొరపాటు. మీ రచనలో వయసు రాసినప్పుడు అది పుట్టిన తేదీ ప్రకారమా, సైన్యం లెక్క ప్రకారమా అన్నది వాక్యంలోనే చెప్పండి.

సర్వీసు ఫైలు దొరకనప్పుడు

సాధారణ సైనికుల సర్వీసు ఫైళ్లు లండన్‌లోని వాల్‌వర్త్ ప్రాంతంలో, ఆర్న్‌సైడ్ వీధిలోని గిడ్డంగిలో ఉండేవి. 1940 సెప్టెంబరులో జర్మన్ విమానాలు బాంబులు వేసినప్పుడు వాటిలో దాదాపు 60 శాతం కాలిపోయాయి. మిగిలినవాటిలో చాలా కాగితాల అంచులు మాడి, నీటికి తడిసి ఉన్నాయి. నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యు.ఓ. (వార్ ఆఫీస్, అంటే యుద్ధ శాఖ) 363 అనే వరుసలో ఉన్నవి ఇవే. గాయాల వల్లనో జబ్బు వల్లనో పింఛను పొందినవారి కాగితాలు డబ్ల్యు.ఓ. 364లో విడిగా ఉన్నాయి. ఫైలు దొరికితే ఎత్తు, బరువు, ఒంటి మీది గుర్తులు, వేసిన శిక్షలు, ఆసుపత్రి తేదీలు, ఇంటి చిరునామా అన్నీ తెలుస్తాయి. దొరకకపోతే నిరుత్సాహపడవలసిన పని లేదు. ఈ స్థితిలో ఎక్కువగా అక్కరకొచ్చేది, కానీ తక్కువమంది వాడేది, చనిపోయిన సైనికులకు రావలసిన సొమ్ము రాసిన రిజిస్టరు.

సోల్జర్స్ ఎఫెక్ట్స్ అని పిలిచే ఈ రిజిస్టర్లు నేషనల్ ఆర్మీ మ్యూజియం దగ్గర ఉన్నాయి. చనిపోయినవాడి జీతం బాకీ ఎంత, అది ఎవరికి చెల్లించారు, ఆ తర్వాత వార్ గ్రాట్యుటీ (యుద్ధ సేవకు ఇచ్చిన అదనపు సొమ్ము) కింద ఎంత ఇచ్చారు అన్నవి వాటిలో వరుసగా ఉంటాయి. పెళ్లికాని కుర్రవాడైతే అందుకున్నవారి పేరు చాలాసార్లు తల్లిదే. గ్రాట్యుటీ మొత్తం నుంచి చేరిన నెలను వెనక్కి లెక్కకట్టవచ్చు. విదేశాల్లో సేవ చేసిన సాధారణ సైనికుడికి మొదటి పన్నెండు నెలలకు 5 పౌన్లు, ఆపైన ప్రతి నెలకూ 10 షిల్లింగులు ఇచ్చేవారు. రిజిస్టరులో 8 పౌన్లు కనబడితే, 5 పౌన్లు పోగా మిగిలిన 3 పౌన్లు అంటే 60 షిల్లింగులు, అంటే ఆరు నెలలు, మొత్తం పద్దెనిమిది నెలల సేవ. మరణించిన నెల నుంచి పద్దెనిమిది నెలలు వెనక్కి వెళితే చేరిన నెల దాదాపుగా తేలుతుంది. కాలిపోయిన ఫైలులోని మొదటి పేజీని ఈ విధంగా కొంత తిరిగి పొందవచ్చు. హోదా పెరిగితే మొత్తం మారుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

మీ సైనికుడి నంబరుకు అటూ ఇటూ ఉన్న నంబర్లు గల సైనికుల ఫైళ్లు మిగిలి ఉంటే, వారు చేరిన తేదీలతో దీన్ని సరిచూసుకోవచ్చు. ఒకే బెటాలియన్‌లో దగ్గరదగ్గర నంబర్లు సాధారణంగా దగ్గరదగ్గర రోజుల్లో ఇచ్చినవే. ఒకే ఊరి స్నేహితులు కలిసి చేరిన పాల్స్ బెటాలియన్ల విషయంలో ఇది స్పష్టంగా కనబడుతుంది.

వీలునామాలు కూడా చూడండి. యుద్ధ సేవలో ఉన్న సైనికుడు మైనరైనా వీలునామా రాయడానికి చట్టం అనుమతించేది. పే బుక్కు (జీతం లెక్కల పుస్తకం)లోని పేజీ మీద కుర్రవాడు తన చేత్తో రాసిన రెండు మూడు వాక్యాలు అతని గొంతు వినిపించే ఏకైక పత్రం కావచ్చు. అధికారుల ఫైళ్లు డబ్ల్యు.ఓ. 339, 374 వరుసల్లో వేరుగా ఉంటాయి.

వార్ డైరీని ఎలా చదవాలి

యుద్ధరంగంలో ఉన్న ప్రతి బెటాలియన్ రోజువారీ నివేదిక రాసేది. అవి డబ్ల్యు.ఓ. 95 వరుసలో ఉన్నాయి. చోటు, తేదీ, గంట, జరిగిన సంగతుల సారాంశం అనే గడులున్న ఫారం మీద ఒక అధికారి పెన్సిలుతోనో టైపు చేసో రాసేవాడు. అధికారులు చనిపోతే పేర్లు రాసేవారు. సాధారణ సైనికులు మాత్రం ‘ఓ.ఆర్.’ (అదర్ ర్యాంక్స్, అంటే అధికారులు కానివారు) అనే రెండక్షరాల పక్కన అంకెగా మిగిలిపోయేవారు. ఇద్దరు ఓ.ఆర్. మృతి, ఐదుగురికి గాయాలు అన్న తరహా పంక్తిలో మీ సైనికుడు ఒక అంకె. తేదీ సరిపోయినప్పుడు ఆ అంకెలో అతను ఉన్నాడని చెప్పవచ్చు గానీ, ఆ రోజు అతను ఏం చూశాడో, ఎక్కడ నిలబడ్డాడో డైరీ చెప్పదు.

ఇలాంటి రచనల్లో అతి తరచుగా చూసే లోపం ఇక్కడే ఉంది. బెటాలియన్‌లో దాదాపు వెయ్యి మంది, నాలుగు కంపెనీలు, ఒక్కో కంపెనీలో నాలుగు ప్లటూన్లు ఉండేవి. ఒక కంపెనీ దాడికి వెళ్లినప్పుడు మరొకటి వెనుక రిజర్వులో ఉండేది. పైగా దాడికి ముందు ప్రతి బెటాలియన్ కొంతమందిని వెనక ఉంచడం పరిపాటి అయింది. సైనికుడు సెలవులోనో, ఆసుపత్రిలోనో, మెషిన్‌గన్ శిక్షణలోనో ఉండి ఉండవచ్చు. ‘1916 జూలై 1న అతను ఫ్రాన్స్‌లోని సోమ్ దాడిలో పాల్గొన్నాడు’ అని రాయాలంటే అతను ఆ రోజు ఆ బెటాలియన్‌లో ఉన్నాడని చెప్పే ఆధారం విడిగా ఉండాలి. లేకపోతే ‘అతని బెటాలియన్ ఆ రోజు దాడిలో పాల్గొంది’ అని రాసి ఆగాలి. ఆ ఒక్క రోజునే బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది చనిపోవడమో గాయపడటమో కనబడకుండా పోవడమో జరిగింది. వారిలో 19,240 మంది మృతులు. ఇంత పెద్ద విషాదంలోకి ఆధారం లేకుండా ఒక కుర్రవాణ్ణి నెట్టడం అతనికీ, నిజంగా అక్కడ పడిపోయినవారికీ అన్యాయం.

డైరీలోని చోట్లను అప్పటి కందకాల మ్యాపులతో పోల్చాలి. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వీటిని ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచింది. ఒక పెద్ద అక్షరం, ఒక సంఖ్య, ఒక చిన్న అక్షరం, ఆపైన రెండు అంకెలు గల సూచన కనిపిస్తుంది. పెద్ద అక్షరం 6,000 గజాల వెడల్పున్న గడిని, సంఖ్య అందులో వెయ్యి గజాల చదరాన్ని, చిన్న అక్షరం దానిలో నాలుగో వంతైన 500 గజాల చదరాన్ని సూచిస్తాయి. చివరి రెండు అంకెలు ఆ చదరంలో తూర్పుకూ ఉత్తరానికీ ఎన్ని పదో వంతులు జరగాలో చెబుతాయి, ఒక్కో వంతు 50 గజాలు. ఈ పద్ధతి ఒకసారి పట్టుబడితే డైరీలోని కందకం నేటి పొలంలో ఎక్కడుందో వేలితో చూపించవచ్చు.

ఫొటోలో దుస్తులు

సైనికుడి ఫొటో ఉంటే టోపీ మీది బ్యాడ్జి రెజిమెంట్‌ను చెబుతుంది. చేతుల మీది గుర్తులు కాలాన్ని చెబుతాయి. ఎడమ ముంజేతి మీద నిలువుగా ఉండే సన్నని ఇత్తడి పట్టీ 1916 నుంచి ఇచ్చిన గాయం గుర్తు. ఒక్కో గాయానికి ఒక్కొక్కటి. కుడి ముంజేతి కింది భాగంలోని చిన్న కోణపు గుర్తులు విదేశీ సేవను చెబుతాయి. అవి 1918 నుంచే కనబడతాయి. 1914లో వెళ్లినవారికి మొదటి గుర్తు ఎరుపు, మిగతావి నీలం. నలుపు తెలుపు ఫొటోలో రంగు తేలకపోయినా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టవచ్చు. కుడి ఛాతీ మీద సన్నని అడ్డబిళ్ల ఉంటే అది విదేశీ సేవకు ముందుగానే ఒప్పుకొన్న టెరిటోరియల్ సైనికుల గుర్తు.

మరణం, సమాధి, ఇంటికి వచ్చిన కాగితాలు

1921లో ప్రభుత్వం ముద్రించిన మృత సైనికుల జాబితా మూడు రకాలుగా మరణాన్ని నమోదు చేసింది: పోరులో మృతి, గాయాలతో మృతి, కేవలం మృతి. మూడోది జబ్బు లేదా ప్రమాదం. గాయాలతో చనిపోయినవాడి సమాధి ఎక్కడుందో చూస్తే అతన్ని ఏ దారిన మోసుకెళ్లారో అర్థమవుతుంది. లైసెంటూక్ లాంటి చోటైతే యుద్ధరేఖ వెనుక వైద్య కేంద్రం దాకా చేరాడు. ఎటాప్లెస్ అయితే తీరంలోని ఆసుపత్రి దాకా రైల్లో వెళ్లాడు. ఇంగ్లండ్‌లో ఉంటే ఓడ కూడా ఎక్కాడు.

సమాధుల బాధ్యత 1917 మే 21న రాజశాసనంతో ఏర్పడిన కమిషన్‌ది, ఇప్పుడు దాన్ని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అంటారు. దాని వెబ్‌సైటులో పేరుతో పాటు పాత పత్రాల నకళ్లు కూడా ఉన్నాయి. యుద్ధం తర్వాత చెల్లాచెదురు సమాధులను ఒకచోటికి చేర్చినప్పుడు రాసిన నివేదికలో శవం దొరికిన చోటు మ్యాపు సూచనతో ఉంటుంది. దాన్ని పైన చెప్పిన పద్ధతిలో చదవాలి. సమాధి లేనివారి పేర్లు స్మారక గోడల మీద ఉన్నాయి. సోమ్ యుద్ధభూమిలోని థీప్వాల్ స్మారకం మీద 72 వేలకు పైగా, ఈప్ర్‌లోని మెనిన్ గేటు మీద 54 వేలకు పైగా పేర్లున్నాయి. ఇంతమంది గుర్తు తెలియకుండా పోవడానికి ఒక కారణం గుర్తింపు బిళ్ల. 1916 వరకు మెడలో ఒకే బిళ్ల ఉండేది. మరణాన్ని నమోదు చేయడానికి దాన్ని తీసుకుపోతే శరీరం మీద పేరు మిగిలేది కాదు. ఆ తర్వాతే ఒకటి శవంతో ఉండేలా రెండు బిళ్లల పద్ధతి వచ్చింది.

సమాధి ఫలకం అడుగున కుటుంబం కోరిన వాక్యాన్ని 66 అక్షరాల పరిమితిలో చెక్కించే వీలుండేది. ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఉదహరించండి. అధికారుల ఇళ్లకు టెలిగ్రాం వెళ్లేది గానీ సాధారణ సైనికుడి ఇంటికి బి.104-82 అనే అచ్చు ఫారం తపాలాలో వచ్చేది. యుద్ధం తర్వాత మృతుడి పేరుతో కంచు ఫలకాన్ని పంపారు. దాని మీద హోదా ఉండదు, అధికారికైనా సైనికుడికైనా పేరు ఒక్కటే.

తిరిగి వచ్చినవారు

చనిపోయినవారి కంటే బతికి వచ్చినవారి గురించి రాయడం కష్టం, ఎందుకంటే స్మారకాలు వారి పేర్లు చెప్పవు. గాయం వల్ల సైన్యం వదిలినవారికి 1916 సెప్టెంబరు నుంచి ఇచ్చిన సిల్వర్ వార్ బ్యాడ్జి జాబితాలో చేరిన తేదీ, వదిలిన తేదీ రెండూ ఉంటాయి. పింఛను కార్డులను పారేయబోతుండగా వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ 2012లో కాపాడింది. 1918 ఓటు హక్కు చట్టం యుద్ధ సేవలో ఉన్నవారికి 19 ఏళ్లకే ఓటు ఇచ్చింది కనుక, ఆ ఏడాది ఊళ్లో లేని ఓటర్ల జాబితాలో కుర్రవాడి ఇంటి చిరునామా పక్కనే నంబరు, రెజిమెంట్ కనబడతాయి. ఇంటినీ సైన్యాన్నీ ఒకే పంక్తిలో కలిపే ఇలాంటి పత్రం మరొకటి అరుదు. ఖైదీగా చిక్కినవాడైతే జెనీవాలోని రెడ్‌క్రాస్ వారి కార్డులు వెతకాలి.

ఆ తర్వాత 1921 జూన్ 19 నాటి జనాభా లెక్కలు చూడండి. అందులో వృత్తితో పాటు యజమాని పేరు, పనిచేసే చోటు కూడా అడిగారు. యుద్ధానికి ముందు చేసిన పనికే తిరిగి వెళ్లాడా, చేయి కోల్పోయినవాడు ఏ పనికి మారాడు, పని లేకుండా ఉన్నాడా అన్నది తెలుస్తుంది. 1939 సెప్టెంబరు 29 నాటి జాతీయ రిజిస్టరులో పుట్టిన తేదీ పూర్తిగా ఉంటుంది. 1915లో సైన్యానికి చెప్పిన వయసును దానితో పక్కపక్కన పెట్టి సరిచూడండి, తేడా ఉంటే రెండు తేదీలనూ రచనలో ఉంచండి.